ముప్ఫై రెండో అకౌంటు

బండి కదిలేసరికి ఎనిమిదీ రెండు, ఇరవై నిమిషాలు లేటు, అయితే అయింది, నాకేం తొందర, తొందర పడాల్సినవాడు తాండూరులో కొత్త ఇంటి గుమ్మం దగ్గర ఇస్త్రీ చొక్కా వేసుకుని పాస్టరు గారి కోసం ఎదురుచూస్తూ ఉంటాడు, ఫోన్ సైలెంటులో పెట్టి వాళ్ళమ్మ చేతికిచ్చి. ఇవాళ వాడి కొత్త ఇంట్లో ప్రార్థన. ఇవాళ వాడి ఫోన్ పని నాది. "పొద్దుగాల న్యూస్ ఉన్నది గదా, నువ్వే చూస్కో నిరోషా, అన్నీ బంద్ పెట్టి రా" అన్నాడు నిన్న సాయంత్రం, వికారాబాద్ ఆఫీసు తాళంచెవి నా చేతిలో పెడుతూ. సరే బావా అన్నాను. పదకొండు నెలల నుంచి సరే బావా అంటూనే ఉన్నాను. పైకి ఆయన, రాజేందర్ బావ, మా మార్తత్త కొడుకు, మా నాయినకు సొంత మేనల్లుడు. లోపల మాత్రం వాడు. ఈ రెండు మాటలూ ఒక్కనాడు కూడా నా నోట్లో తారుమారు కాలేదు, అందుకు నన్ను నేనే మెచ్చుకోవాలి. కిటికీ పక్క సీటు దొరికింది. సంచి ఒళ్ళో, ఫోన్ అరచేతిలో. తెర మీద పై నుంచి కింది దాకా పేర్లు, ముప్ఫై రెండు ట్రేడింగు అకౌంట్లు, ఒక్కొక్క పేరు పక్కన ఒక ఎర్ర మీట, 'ఆపు' అని. ప్లాట్‌ఫాం మీద కూర్చునే ముప్ఫై ఒకటి ఆపేశాను, దౌల్తాబాద్ వాళ్ళవి, కొడంగల్ వాళ్ళవి, బస్టాండు దగ్గర టైలరుది, ఒక్కొక్కటి నొక్కి, ఆగిందని చూసుకుని, పద్ధతిగా. వాళ్ళతో నాకు పేచీ లేదు. ముప్ఫై రెండోది వాడిది. దాన్ని నొక్కలేదు. నొక్కను. నేను చేయవలసిందల్లా ఏమీ చేయకుండా కూర్చోవడం, ఇంత సులువైన పగ ఇంకెవరికైనా దొరికిందో లేదో నాకు తెలియదు.

ఎదురు సీటులో ఒక అవ్వ కూర్చుంది, గంపనిండా సీతాఫలాలు, కాయ నలగకుండా అడుగున ఆకులు పరిచి. గోదాంగూడ దాటినప్పటి నుంచి నన్నే చూస్తోంది. "గంత గుడ్లు పెట్టి ఏం చూస్తున్నవ్ బిడ్డా గా ఫోన్ల?" అంది. "కందిచేను అవ్వా, పురుగు పడ్తదేమోనని చూస్తున్న" అన్నాను. "పూతల ఉన్నదా?" అంది వెంటనే, నిజమే అనుకుని. "మస్తు పూతల ఉన్నది" అన్నాను. అంత అబద్ధమేమీ కాదు. సోమవారం నుంచి డాలరు ధర జపాన్ యెన్ లెక్కలో కొంచెం కొంచెంగా దిగుతోంది, దిగిన ప్రతి మెట్టు దగ్గరా వాడి మిషను తనంతట తానే కొంటూ పోయింది, పద్నాలుగు మెట్లు కొని పట్టుకుని ఉంది, ఇంకొక్క తోపు చాలు. ఆ తోపు ఇవాళ జపాన్ వాళ్ళ పెద్ద బ్యాంకు నుంచి రావాలి. వడ్డీ పెంచుతున్నారో లేదో వాళ్ళు చెప్పే రోజు ఇది, ఫలానా నిమిషానికని చెప్పరు, మన టైములో ఎనిమిదిన్నరకూ తొమ్మిదికీ మధ్య ఎప్పుడైనా చెబుతారు. పెంచితే ధర ఆగకుండా కిందికి పోతుంది. పెంచకపోతే వాడికి లాభం, అదీ తెలుసు, తెలిసే కూర్చున్నాను, ఎందుకంటే పదకొండు నెలల్లో వాడి మెట్లు ఇంత లోతుకు దిగిన రోజు ఇంకోటి లేదు, ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు. బంట్వారం మండలంలో పుట్టి, వికారాబాద్‌లో డిగ్రీ చదివి, జపాన్ బ్యాంకు వడ్డీ పెంచాలని పొద్దున్నే మోకరించి ప్రార్థన చేసిన ఆడపిల్లను నేనొక్కదాన్నే అయి ఉంటాను.

కిటికీ అవతలి ఈ అడవి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇక్కడే, మా క్రైస్తవుల ధారూరు జాతరలో మొదలైంది ఇదంతా. రెండేళ్ళ కింద నవంబరులో, ఎప్పటిలాగే మేం చెట్ల కింద డేరా వేసుకుని ఉన్నాం, అమ్మ మూడు రాళ్ళ మీద అన్నం దించుతోంది, వాడు కారు దిగి వచ్చాడు. నాయిన ముందు గొంతుకు కూర్చుని, వేపపుల్ల విరిచి నేల మీద అడ్డంగా గీతలు గీశాడు. "గీ గీత కాడికి ధర దిగితె మిషిను కొంటది మామా. మీది గీత కాడికి ఎక్కితె అమ్ముతది. మల్ల దిగితె మల్ల కొంటది. మనిషి ముట్టేది లేదు, పొద్దంత అదే చేస్కుంటది. ధర ఎటు కదిలినా నీకే." నాయిన చాలాసేపు ఆ గీతలనే చూశాడు. తర్వాత ఆ పుల్ల తీసుకుని నిలువుగా కూడా గీతలు గీసి, నవ్వి, "గిది అచ్చు గదర అల్లుడా" అన్నాడు. అచ్చు అంటే మా దగ్గర, దుక్కి దున్నిన చేను మీద ఎడ్లతో అచ్చు తోలుతారు, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, గళ్ళు గళ్ళుగా పడుతుంది, గీతలు రెండూ కలిసిన చోట గింజ పెడతారు. మా నాయిన బాలస్వామి తోలిన అచ్చు ఎంత తిన్నగా ఉంటుందంటే పక్క ఊళ్ళ వాళ్ళు వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. లోకంలో తిన్నగా ఉన్నదేదైనా సరే ఆయనకు అచ్చులాగే కనిపించేది, గళ్ళ లుంగీ, బడి పిల్లల వరస, తాండూరు బండలు పరిచిన వాకిలి. వాడు చప్పట్లు కొట్టాడు. "గదే మామా, గదే! అచ్చు మిషిను!" అప్పటి దాకా వాడి దగ్గర ఆ సరుకుకు జనానికి అర్థమయ్యే పేరు లేదు, గ్రిడ్డు, రోబో అంటూ తిరిగేవాడు, ఎవరూ కూర్చోమనేవాళ్ళు కూడా కాదు. ఆ తర్వాత ప్రతి ఊళ్ళోనూ అదే మాట, ఇప్పుడు ఆఫీసు బోర్డు మీద కూడా అదే, 'అచ్చు ట్రేడింగ్', ఆకుపచ్చ అక్షరాల్లో. భూమి సంగతి తర్వాత, ముందు మా నాయిన నోట్లోని మాటను ఎత్తుకుపోయాడు.

భూమి సంగతికి వస్తే, రోడ్డు పక్కన ఎకరం ముప్ఫై గుంటలు, కంది బాగా పండే నల్లరేగడి, సంక్రాంతి దాటాక నాయిన పట్నం వాళ్ళకు అమ్మి, పైసలన్నీ ఆ మిషనులో పెట్టాడు. ఆరు నెలలు ఆ పైసలు మొలకెత్తుతూనే ఉన్నాయి. వారం వారం ఫోన్‌కు మెసేజి, ఇంత వచ్చింది, ఇంత వచ్చింది, నాయిన నా చేత చదివించుకుని అమ్మకు చెప్పేవాడు. ధర ఒక హద్దులో ఎక్కుతూ దిగుతూ ఉన్నంత కాలం ఆ మిషను అంత మంచిది ఇంకోటి లేదు, అది నేను కూడా ఒప్పుకుంటాను. కిందికి దిగడం మొదలుపెట్టి వెనక్కి తిరిగి రాకపోతేనే కష్టం, ఎందుకంటే దానికి భయం అన్నది పెట్టలేదు, దిగిన కొద్దీ కొంటుంది, ప్రతి మెట్టుకూ ఇంకొంచెం ఎక్కువ కొంటుంది, కొన్నదంతా నష్టంలో పడి చేతిలో పైసలు అయిపోయాక ఆ అకౌంట్లు నడిపే కంపెనీవాళ్ళు అన్నీ వాళ్ళంతట వాళ్ళే అమ్మేసి సున్నా చూపిస్తారు. ఈ సంగతి డేరా దగ్గర వాడు గీతల్లో గీయలేదు. నిరుడు జులై ఆఖరులో, ఇలాగే జపాన్ బ్యాంకు మాట్లాడిన రోజున, నాయిన కౌలు చేనులో మందు కొడుతుంటే మెసేజి వచ్చింది. నేనే చదివాను. రెండుసార్లు చదివాను. ఆ సాయంత్రం వాడు మా ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని, "మార్కెట్ మామా, నా చేతుల ఏమున్నది" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మా నాయిన, భూమి పోగొట్టుకున్న మనిషి, వాడి వీపు నిమిరి ఊకో అల్లుడా అన్నాడు. అమ్మ వాడికి కోడిగుడ్డు పొరటు చేసి అన్నం పెట్టింది. నేను మంచినీళ్ళు ఇచ్చాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. ఇప్పుడు నాయిన తను అమ్మిన చేనులోకే కూలికి పోతున్నాడు, పట్నం వాళ్ళ కందిలో కలుపు తీయడానికి, తన సొంత గెట్టు దాటి, మధ్యాహ్నం తన సొంత చెట్టు కింద సద్ది విప్పుకుని.

అంతవరకే అయితే నేను కూడా మార్కెట్టనే అనుకుని ఊరుకునేదాన్ని. ఖాళీగా ఉన్నావు గదా, ఇంటి మనిషివి, ఆఫీసులో కూర్చో అని వాడే పిలిచాడు, నాయిన పొమ్మన్నాడు, పోయాను. మొదటి వారం పాత కంప్యూటరులో ఫైళ్ళు సర్దమన్నాడు. అందులో ఏ అకౌంటు ఎన్ని గంటలకు ఎవరు ఆపారో వరసగా రాసి ఉంటుంది, మిషను రాసిపెడుతుంది, దానికి మొహమాటం ఉండదు. ఆ జులై రోజు వెతికాను. ఎనిమిదీ ఇరవై ఒకటికి రాజేందర్ సొంత అకౌంటు ఆగింది, చేత్తో నొక్కి ఆపింది. ఆ తర్వాత తొమ్మిదీ పదికి నాయినది సున్నా అయ్యేదాకా ఏమీ లేదు. మా నాయిన పేరు వాడి పేరు కింద వరసలోనే ఉంది, ఒక్క గీత కింద, బొటనవేలు అర అంగుళం జరిపితే చాలు. ఆ నలభై తొమ్మిది నిమిషాలు వాడేం చేశాడో చాలా రోజులు తెలియలేదు. కొత్తగా వచ్చిన ఒకాయనకు చాయ్ తాగుతూ వాడే చెప్పాడు, నేను పక్కనే ఉన్నాను, "ఓసారి గిట్లనే, నాది బంద్ పెట్టిన, ఆకలైతుంటె కిందికి పోయి పూరి తిని వచ్చిన, వచ్చి చూస్తె మా మామది సాఫ్! నాది మాత్రం దేవుని దయ." అని నవ్వాడు. ఆయన కూడా నవ్వాడు. నేను గ్లాసులు తీసుకుని కడగడానికి పోయాను. మోసం చేసి ఉంటే ఒక రకంగా బాగుండేది, మోసం చేయాలంటే ఎదుటి మనిషిని కాసేపైనా మనసులో పెట్టుకోవాలి. వాడికి మా నాయిన గుర్తే రాలేదు. ఆ రోజే అనుకున్నాను, వాడికి నేను ఏమీ చేయను, తిట్టను, కేసు పెట్టను, నలుగురిలో పెట్టను, వాడేం చేశాడో అదే చేస్తాను, ఒకరోజు నొక్కడం మరిచిపోతాను.

బండి ధారూరులో ఆగింది. ఎనిమిదీ పదిహేడు. మనుషులు ఎక్కారు, అవ్వ గంపను కాళ్ళ దగ్గరికి లాక్కుంది. మరిచిపోవడానికి పదకొండు నెలలు నేర్చుకున్నాను, ఎవరికి చెప్పినా నవ్వుతారు. న్యూస్ రోజుల పట్టిక రాసి గోడకు అతికించింది నేనే. ప్రతిసారీ ముందుగా అన్నీ ఆపి, "అయింది బావా" అని మెసేజి పెట్టింది నేనే. మొదట్లో వాడు మళ్ళీ చూసుకునేవాడు, ఎండాకాలం వచ్చేసరికి చూడటం మానేశాడు. వాడి ఇల్లు లేస్తుంటే ఫోటోలు చూపిస్తే బాగుంది బావా అన్నాను, చుట్టూ బండ గనులే, కాలు పెడితే బండే తగిలే ఊళ్ళో వాడు రాజస్థాన్ నుంచి పాలరాయి తెప్పించాడు, అదీ బాగుంది బావా అన్నాను. ఇంటి కోసం కట్టాల్సిన ఆఖరు వాయిదా వచ్చే వారం, ఆ పైసలన్నీ ఈ అకౌంటులోనే ఉన్నాయి. మంగళవారం పొద్దున ఇంకా కొంత వచ్చి పడింది అందులో, నా కళ్ళతో చూశాను, పెద్ద మొత్తమే. ఇంకా పొయ్యి, ఇంకా పొయ్యి అనుకున్నాను. ఆ రోజు క్యాంటీనులో రెండు మిర్చిబజ్జీలు ఎక్కువ తిన్నాను, అంత సంతోషం.

ఫోన్ మోగింది. తెర మీద 'నాయిన'. ఎత్తకపోతే మళ్ళీ మళ్ళీ చేస్తాడు.

"యాడున్నవ్ బిడ్డా?"

"ధారూర్ దాటిన నాయినా. బండి లేటు."

"నేను రాత్రే వచ్చిన. మార్తకు బట్టలు పెట్టాలె గద, పుట్టింటోల్లం. చీర మస్తుగున్నది అన్నా అన్నది మీ అత్త."

కూలికి పోయే మనిషికి చీర పైసలు ఎక్కడివి అన్నది నా నోట్లో నుంచి వచ్చేసింది. అవతల నాయిన నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు, చిన్నప్పుడు బంట్వారం అంగడిలో నాకు గాజులు కొని అమ్మకు తెలియకుండా దాచినప్పటి నవ్వు. "ఒకటి చెప్త, కోపం చెయ్యకు. పోగుంటలు పెట్టిన బిడ్డా."

పోగుంటలు. అచ్చు తోలి గింజలు పెట్టిన పదో రోజున మళ్ళీ చేనంతా తిరుగుతారు, మొలవని చోటల్లా, ఎక్కడ గింజ చచ్చిందో సరిగ్గా అక్కడే, ఇంకో గింజ పెడతారు, అది పోగుంటలు పెట్టడం. మా నాయిన ఒక్క సందు కూడా వదలడు. ఎండలో నడుముకు గింజల మూట కట్టుకుని ఒంగి ఒంగి, పోయినచోటనే మళ్ళీ పెట్టాలి, పక్కన పెడితే అచ్చు చెడుతుంది అనేవాడు. ఏం మాట్లాడుతున్నాడో నాకు అర్థం కాలేదు, కాలేదని అనుకున్నాను.

"ఎడ్లను అమ్మిన, సోమారం అంగట్ల. నువ్వు నెలనెల పంపిన జీతం గూడ ఒక్క రూపాయి ముట్టలే బిడ్డా, అన్ని గట్లనే ఉండె. అన్ని కలిపి అల్లునికిచ్చిన. వేరె అకౌంటు తెరువాలంటె దినాలు పడ్తదంట. నాదాంట్లనే కలుపుత మామా, నువ్వు బయటోనివా అన్నడు. పోయింది యాడ పోయిందో ఆడనే గద మల్ల మొలిపియ్యాలె."

"నాకెందుకు చెప్పలే నాయినా?"

"చెప్తె నువ్వు వద్దంటవు. అయినా నాకేం ఫికర్? మిషిను కాడ నువ్వే ఉంటివి." తర్వాత గొంతు తగ్గించి, "పాస్టరు అయ్యగారు వచ్చిండు. నువ్వెట్లయినా అందవు, ఫోన్ పెట్టకు, గిట్లనే పట్టుకుంట, ప్రార్థన ఫోన్లనే ఇను" అన్నాడు.

ఎనిమిదీ ఇరవై ఆరు. ఇంకేముంది, నొక్కు. కాల్ నడుస్తూనే ఉంటుంది, తెర మార్చి నొక్కవచ్చు, రెండు క్షణాల పని. కొన్నదంతా అమ్మి ఆగుతుంది, పద్నాలుగు మెట్ల నష్టం పోను మిగిలింది మిగులుతుంది, ఎడ్లు తిరిగి రాకపోయినా ఎడ్ల పైసలు చాలా వరకు వస్తాయి. కర్రెది, మైలది. కర్రెది నేను పోతే నా చున్నీ నాకేది. నొక్కు నిరోషా. నొక్కితే వాడు కూడా బతుకుతాడు, అదే అకౌంటు, వాడి పైసలు వేరు నాయిన పైసలు వేరు అని మిషనుకు తెలియదు, ఒక్క మీటే. నొక్కితే వాడు ప్రార్థన ముగించుకుని, పాలరాయి మీద నడుచుకుంటూ వచ్చి, బంగారం అంటాడు నన్ను, నలుగురి ముందు. సోమవారం వాడు మా నాయిన దగ్గర ఎడ్ల పైసలు చేతిలో వేయించుకున్నాడు, మంగళ, బుధ, గురు, మూడు రోజులు ఆఫీసులో నా ఎదురుగా కూర్చుని చాయ్ తాగాడు, ఒక్క మాట చెప్పలేదు. దాచిపెట్టాలని కూడా కాదు, చెప్పాలని తోచలేదు, అంతే. మళ్ళీ గుర్తు రాలేదు వాడికి. ఈ మాట అనుకున్న కొద్దీ నా చేయి మీట మీదికి పోవాల్సింది పోయి బిగుసుకుంటోంది. ఇంకాసేపు. ఎనిమిదిన్నర కానీ. మైలారం దాటనీ. జపాన్ వాళ్ళు తొమ్మిదికి చెప్పినా చెబుతారు, ఇంత తొందరెందుకు.

ఫోన్‌లో పాట మొదలైంది. చెవికి పెట్టుకున్నాను, తీసి తెర చూశాను, మళ్ళీ పెట్టుకున్నాను. నలుగురైదుగురు ఆడవాళ్ళ గొంతులు, వెనక డప్పు లేదు, చప్పట్లే, అందరి కంటే ఒక్క అడుగు వెనకగా నాయిన గొంతు, ఎప్పుడూ అంతే, మాట తప్పు పోతుందేమోనని పక్కవాళ్ళు అన్నాక అంటాడు. కిటికీ అవతల కంది మొదలైంది, పచ్చగా పూత, ఎక్కడ చూసినా. మంచి ఆలోచన ఒకటి వచ్చింది, మంచిదనే అనుకున్నాను. ఇవాళ నేను ఆపితే ఏమవుతుంది? నాయిన పైసలు వాడి చేతిలోనే ఉంటాయి. సోమవారం మిషను మళ్ళీ నడుస్తుంది. మొలిచిందని నాయిన ఇంకా తెచ్చి పోస్తాడు, ఉన్న ఇల్లు అమ్ముతాడు, అమ్మ పుస్తె అమ్ముతాడు. చేతిలో ఏమీ లేకపోతేనే ఆగుతాడు. ఆపకపోతేనే నాయినకు మేలు. చూశారా, ఎంత బాగా చెప్పుకున్నానో, బీకాంలో ఇలా రాసి ఉంటే ఫస్టు క్లాసు వచ్చేది. ఈ మాటల్లో ఒక్కటి కూడా నాయిన కోసం కాదు, అది చెప్పుకుంటుండగానే నాకు తెలుసు. నాకు వాడి మొహం చూడాలని ఉంది. ఆమేన్ అని కళ్ళు తెరిచి, వాళ్ళమ్మ దగ్గర ఫోన్ తీసుకుని, చూసుకున్న ఆ ఒక్క మొహం. దానికోసం పదకొండు నెలలు పొద్దున్నే లేచాను, తల దువ్వుకున్నాను, బావా అన్నాను. నాయిన ఎందుకు వచ్చాడు మధ్యలో? నాకు నాయిన మీద కూడా కోపం వచ్చింది. ఎన్నిసార్లు పెడతావు నాయినా చచ్చిన చోట, గింజకు కూడా ఒక లెక్క ఉండాలి గదా.

"ఏడుస్తున్నవా బిడ్డా?" అంది అవ్వ. లేదన్నాను. ఒక సీతాఫలం తీసి నా సంచి మీద పెట్టింది. రుక్మాపూర్ పోయింది. ఎనిమిదీ ముప్ఫై ఎనిమిది. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు, ఈ గడపను, ఈ గదులను, ఇక్కడ వండే పొయ్యిని, ఇక్కడ పడుకునే వాళ్ళను కాపాడమని ఒక్కొక్కటీ పేరు పెట్టి అడుగుతున్నారు, తొందర లేని మనిషి. ఎనిమిదీ నలభై. నా బొటనవేలు మీట మీద లేదు, మీట పక్కన ఉంది. ఎనిమిదీ నలభై ఒకటికి ధర ఒక్క క్షణం కదలకుండా నిలబడింది, తర్వాత మెట్టు దిగింది, ఇంకో మెట్టు దిగింది, పదిహేను, పదహారు, మిషను కొంది, మళ్ళీ కొంది, పదిహేడు, ఇంకా టైముంది, ఇప్పుడు నొక్కినా సగం మిగులుతుంది, పద్దెనిమిది, ఇప్పుడు నొక్కినా ఒక ఎద్దు మిగులుతుంది, పంతొమ్మిది, ఇరవై, కొంటూనే ఉంది, ఒంగి ఒంగి, ఒక్క సందు వదలకుండా. రేపు ఎవరైనా అడిగితే సిగ్నల్ లేదని చెప్పవచ్చు, ఈ దారిలో సిగ్నల్ పోతుంది, అందరికీ తెలుసు, నమ్ముతారు. సిగ్నల్ నిండుగా ఉంది. ఫోన్ ఆగిపోలేదు. వాడు చూడకుండా పోగొట్టాడు మా నాయినది, నేను కళ్ళు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాను. నేను నొక్కలేదు.

అంకెలు వరసగా మాయమయ్యాయి, కంపెనీవాళ్ళు అన్నీ అమ్మేశారు. కింద సున్నా, దాని పక్కన ఏవో చిల్లర పైసలు. సంతోషం వస్తుందని చూశాను. నిజంగా వచ్చింది, అబద్ధం చెప్పను, ఛాతీలో ఒక్కసారి వెచ్చగా వచ్చి, రాగానే పోయింది, పోయినచోట నాయిన గొంతు వినబడింది, అందరూ ఆమేన్ అన్నాక ఒక్క అడుగు వెనకగా, అందరి కంటే గట్టిగా. తాండూరు దగ్గరికి వచ్చింది, పట్టాల పక్కన బండల పాలిష్ షెడ్లు, తెల్లటి బురద, మనుషులు లేచి సామాన్లు దించుకుంటున్నారు. నేను లేవలేదు.

"ఇన్నవా బిడ్డా? అయ్యగారు నీ పేరు గూడ తీసిండు ప్రార్థనల."

"ఇన్న నాయినా."

"జల్ది రా, అన్నాలు పెడుతున్నరు. ఇగో మీ బావ అడుగుతున్నడు, పొద్దుగాల పని అయిందా అంటుండు."

ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాను. "అయిందని చెప్పు నాయినా."

నాయిన ఫోన్ కొంచెం దూరం పెట్టి, ఇంటినిండా ఉన్న జనంలో నుంచి కేకేశాడు, నవ్వుతూ, బిడ్డను చూసి మురిసిపోయే గొంతుతో: "అయిందంట అల్లుడా! మొత్తం అయిపోయిందంట!"